ఏం నొక్కారు?

ఎవరింట్లో అడుగుపెట్టినా డాక్టరు మొదట అడిగే మాట ఒక్కటే. "ఏం నొక్కారు?"

కూర్చోమనకముందే అడుగుతాడు, మంచినీళ్లు ఇవ్వకముందే అడుగుతాడు. అతను మనుషులకు వైద్యం చేసే డాక్టరు కాదు. ఇళ్లల్లో కంప్యూటర్లు మొరాయిస్తే వచ్చి బాగుచేస్తాడు కాబట్టి, ఇరవై ఏళ్ల కిందట ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. చివరికి దుకాణం బోర్డు మీద కూడా అదే రాయించుకున్నాడు. అతని ప్రశ్నకు ఎదుటివాళ్లు చెప్పే జవాబు కూడా ఇరవై ఏళ్లుగా ఒక్కటే. "నేనేం నొక్కలేదండీ. దానంతటదే వచ్చింది." ఏదీ దానంతటది రాదని డాక్టరుకు తెలుసు. ఉచితంగా ఫోను ఇస్తామంటే నొక్కి ఉంటారు, మీ ఖాతా మూసేస్తున్నామంటే హడలిపోయి నొక్కి ఉంటారు, ఏమీ తోచక నొక్కి ఉంటారు. నొక్కి, ఆ తర్వాత బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు.

మొదట్లో ఈ పనంటే అతనికి సరదాగానే ఉండేది. ఓపిగ్గా కూర్చుని, వైరసు అంటే ఏమిటో, అది ఎలా వస్తుందో కథలా చెప్పేవాడు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఒక కాగితం మీద పది సూత్రాలు టైపు చేసి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, వెళ్లిన ప్రతి ఇంట్లోనూ కంప్యూటర్ ఎదురుగా గోడకు అంటించడం మొదలుపెట్టాడు. తెలియనివాళ్లు పంపింది తెరవొద్దు. పాస్‌వర్డుగా పుట్టినరోజు, పిల్లల పేర్లు, వరస అంకెలు పెట్టొద్దు. ఒకే పాస్‌వర్డు రెండుచోట్ల వాడొద్దు. ముఖ్యమైనవాటికి కాపీ తీసి, ఆ కాపీ డిస్కును పీకి బీరువాలో పెట్టుకోండి, అది ఏడో సూత్రం. ఆ కాగితాన్ని చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే చెప్పలేం. కొన్ని ఇళ్లల్లో దాని మీద పాలవాడి నంబరు రాసుకున్నారు.

ఇప్పుడు డాక్టరుకు యాభై మూడేళ్లు. మూడో అంతస్తు అన్న మాట వినగానే మోకాళ్లు ముందుగా మూలుగుతాయి. ప్రింటరు కదలట్లేదని పిలిస్తే, వెళ్లి చూస్తే అందులో కాగితమే ఉండదు. శబ్దం రావట్లేదని పిలిస్తే, స్పీకరు తీగ ఊడిపోయి ఉంటుంది. రోజుకు ఏడెనిమిది ఇళ్లు కాళ్లరిగేలా తిరిగి, సాయంత్రానికి దుకాణంలోని స్టూలు మీద కూలబడి, ఫోను మోగితే దాని వంక పాముని చూసినట్టు చూసేవాడు. తిట్టడానికి కూడా ఓపిక లేని అలసట అది.

ఆ అలసటలోంచే దొడ్డిదారి పుట్టింది. అతను పెట్టుకున్న ముద్దుపేరే అది. దుకాణంలో కూర్చునే అవతలి ఇంట్లోని కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. రెండేళ్ల కిందట, తనకు బాగా అలవాటైన నలభై రెండు ఇళ్లల్లోనూ దాన్ని పెట్టేశాడు. "కంప్యూటర్ ఆపకుండా ఉంచండి, నేనే అక్కణ్ణుంచి చూసుకుంటాను," అన్నాడు. వాళ్లూ సంతోషించారు. దానికీ ఒక పాస్‌వర్డు కావాలి కదా. నలభై రెండు ఇళ్లకు నలభై రెండు రకాలు పెట్టి ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వరసగా కొట్టి, అన్ని ఇళ్లకూ అదే పెట్టాడు. తర్వాత తీరిగ్గా మారుద్దాం అనుకున్నాడు. ఆ తీరిక రెండేళ్లయినా రాలేదు.

ఆ నలభై రెండు ఇళ్లల్లో మొదటిది అతని అక్కది.

అక్క ముప్ఫై ఏళ్లు బడిలో వృక్షశాస్త్రం చెప్పింది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఊరుకోలేక, చూపులేని పిల్లల గ్రంథాలయం కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేయడం మొదలుపెట్టింది. చదవడమంటే గడగడా చదువుకుపోవడం కాదు. పుస్తకంలో బొమ్మ వస్తే ఆగి, ఆ బొమ్మను మాటల్లో కట్టేది. ఆకును అడ్డంగా కోస్తే లోపల ఏముంటుందో, అరచేతి మీద వేలితో గీసి చూపిస్తున్నట్టు చెప్పేది. ఒక్క బొమ్మకు అరగంట పట్టినా విసుక్కునేది కాదు. పన్నెండు పుస్తకాలు అలా పూర్తిచేసింది, పన్నెండూ గ్రంథాలయానికి చేరాయి. పదమూడోది మొదలుపెట్టబోతుండగా గొంతులో పుండు బయటపడింది. స్వరపేటిక తీసేయాలన్నారు సర్జన్లు. ఆరు వారాల గడువు దొరికింది. ఆ ఆరు వారాల్లో, గొంతు మంట పుడుతున్నా, గోరువెచ్చటి నీళ్లు తాగుతూ పదమూడో పుస్తకం ఇరవై ఒక్క పాఠాలూ చదివేసి, ఆ మర్నాడే ఆసుపత్రిలో చేరింది. ఇప్పుడు మెడకింద ఒక చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ కదులుతుంది. మాట లేదు. ఎవరినైనా పిలవాలంటే చప్పట్లు కొడుతుంది. చెప్పాలంటే రాసి చెరుపుకునే తెల్ల పలక ఒకటి ఎప్పుడూ చంకలో ఉంటుంది.

ఆ పదమూడో పుస్తకాన్ని గ్రంథాలయానికి చేర్చే బాధ్యత తమ్ముడిది. ఆపరేషనై నాలుగు నెలలు గడిచింది. "వచ్చే వారం పట్టుకెళ్తానక్కా," అని పదహారు వారాలుగా అంటున్నాడు. గ్రంథాలయం వాళ్లు రెండుసార్లు గుర్తుచేశారు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పిల్లలు అడుగుతున్నారన్నారు. పెద్ద ఫైళ్లు కదా, కూర్చుని చేయాలి, ఈ వారం ఊపిరాడటం లేదు అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే ఊపిరాడలేదు.

మంగళవారం మూడు గంటలకు అక్క ఫోను నుంచి ఒక ఫొటో వచ్చింది. కంప్యూటర్ తెర ఎర్రగా ఉంది. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, డబ్బు పంపితేనే తీస్తాం అని దాని మీద రాసి ఉంది. డాక్టరు దుకాణం షట్టరు సగం దించి పరుగెత్తాడు. మూడో అంతస్తు మెట్లు ఎక్కుతుంటే ఆరోజు మోకాళ్ల మాటే గుర్తురాలేదు.

తలుపు తీసింది బావ. అరవై ఐదేళ్ల మనిషి, ఒకప్పుడు రైల్వేలో టికెట్ల తనిఖీ చేసినవాడు. ఎందరి మొహాల మీదో తప్పును చదివిన ఆయన మొహమే ఆరోజు అలా ఉంది. డాక్టరు నోట్లోంచి అలవాటు కొద్దీ ఆ మాట జారిపోయింది.

"ఏం నొక్కావు బావా?"

బావ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పేశాడు. "నొక్కానురా. మీ పార్శిల్ దారిలో ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి అని వచ్చింది. మీ అక్క మెడకి కట్టే గుడ్డల పార్శిలేమో అనుకున్నాను. చెకప్‌కి వెళ్లి అప్పుడే వచ్చాం. రెండుంపావుకి నొక్కాను. పది నిమిషాల్లో ఇదిగో, ఇలా ఎర్రబడింది. నువ్వు గోడ మీద రాసిపెట్టావు కూడా. రాసిపెట్టినా నొక్కాను."

అక్క కుర్చీలో కూర్చుని ఉంది. మెడ దగ్గర గుడ్డ వేగంగా కదులుతోంది. పలక మీద ఒకటే మాట రాసి పట్టుకుంది: "పుస్తకం?"

డాక్టరు ఇంటర్నెట్ తీగ పీకేశాడు. లోపల ఉన్నవన్నీ చూశాడు. ఇరవై ఒక్క పాఠాల పేర్లూ ఉన్నాయి, తెరిస్తే ఒక్కటీ పలకడం లేదు. కాపీ డిస్కు కోసం చూశాడు. అది కంప్యూటర్‌కే తగిలించి ఉంది. బావ దానికి పాత చొక్కాగుడ్డతో సంచీ కుట్టి, ఎక్కడా పోకుండా తాడుతో కంప్యూటర్ బల్ల కాలికి కట్టాడు. తగిలించి ఉన్న డిస్కును దొంగ వదులుతాడా? దానికీ తాళం పడింది. బీరువాలో ఉండాల్సిన డిస్కు ఇక్కడెందుకుందని అడగబోయి, డాక్టరు గోడ వైపు చూశాడు. ఏడో సూత్రం మీద అడ్డంగా నల్ల గీత ఉంది. ఆ గీత అతను గీసిందే. డిస్కు ఎక్కడ పెట్టామో కనిపించట్లేదురా అని నెలకోసారి వీళ్లు ఫోను చేస్తుంటే ప్రాణం విసిగి, "ఇంక పీకొద్దు బావా, ఎప్పుడూ తగిలించే ఉంచు," అని తనే కలం తీసి కొట్టేశాడు.

కంప్యూటర్ తన దినచర్య తానే రాసుకుంటుంది. ఎవరు లోపలికి వచ్చారు, ఏ వేళకు వచ్చారు, అన్నీ ఒక మూల ఉంటాయి. దొంగలు దాన్ని తుడిచేయడం మరిచినట్టున్నారు. డాక్టరు తెరిచి చదివాడు. ఉదయం పదకొండు నలభైకి ఎవరో దొడ్డిదారి తలుపు కొట్టారు. అయిదుసార్లు తప్పు పాస్‌వర్డు. ఆరోసారి తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చినవాళ్లు ముందుగా వైరసులను ఆపే కాపలా ప్రోగ్రామును ఆపేశారు. తర్వాత నింపాదిగా తాళాలు వేసుకుంటూ పోయారు. అప్పుడు అక్కా బావా ఆసుపత్రి బెంచీ మీద ఉన్నారు. కంప్యూటర్ మాత్రం ఆన్‌లోనే ఉంది, తమ్ముడు ఆపొద్దన్నాడు కాబట్టి. బావ పార్శిల్ నొక్కే వేళకు తాళాలన్నీ పడిపోయాయి, ఆ ఎర్ర తెర రావడమొక్కటే మిగిలింది. ఆ నొక్కుడుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

డాక్టరు ఆ పదకొండు నలభైని మళ్లీ ఒకసారి చదివాడు.

"నేనేనా?" అని వెనకనుంచి అడిగాడు బావ. "ఆ పార్శిలేనా?"

డాక్టరు తెర మీది ఆ దినచర్యను మూసేశాడు. "చూడాలి బావా. ఇంకా తెలీదు," అన్నాడు.

తెలీదన్న ఆ ఒక్క మాట అనడానికి అతనికి ఏ శ్రమా పట్టలేదు. అంత అలసిన మనిషికి అంత తేలిగ్గా మాట ఎలా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది.

దుకాణానికి వచ్చి, మొదట పోలీసులకు ఫిర్యాదు రాసి పంపాడు. తోటి మరమ్మతుదారులకు ఫోన్లు చేశాడు. ఈ రకం తాళాన్ని తీసే చెవి, అది వేసినవాళ్ల దగ్గర తప్ప లోకంలో ఎక్కడా లేదన్నారు. డబ్బు పంపినా ఇస్తారన్న నమ్మకం లేదు, పంపొద్దన్నారు. అది అతనికీ తెలుసు, పది ఇళ్లల్లో చెప్పాడు. తర్వాత మిగతా నలభై ఒక్క ఇళ్ల జాబితా తీశాడు. కంప్యూటర్ ఆన్‌లో ఉన్న పంతొమ్మిది ఇళ్లలోకి దుకాణం నుంచే వెళ్లి, ఎవరూ రాలేదని చూసుకుని, దొడ్డిదారి తీసేశాడు. ఎవరికీ చెప్పలేదు. మిగిలిన ఇరవై రెండు ఇళ్లవాళ్లు కరెంటు దండగని కంప్యూటర్లు ఆపేసి ఉంచారు. అతని మాట విననందుకు వాళ్లు క్షేమంగా ఉన్నారు. అయితే ఎవరు ఎప్పుడు ఆన్ చేస్తే అప్పుడు ఆ తలుపు తెరుచుకుని ఉంటుంది. ఫోను చేసి ఓసారి ఆన్ చేయండి అంటే, ఎందుకు అని అడుగుతారు. ఆ ఎందుకు అన్నదానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఇరవై ఏళ్లు తిరిగి సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో గంగలో కలుస్తుంది. రేపు చూద్దాం అనుకున్నాడు.

మర్నాడు అక్కింటికి వెళ్తే బావ గడ్డం గీసుకోలేదు. నిన్నటి చొక్కాతోనే ఉన్నాడు. అక్క పళ్లెంలో వడ్డించి ముందు పెట్టి, చప్పట్లు కొట్టి, తినమని సైగ చేస్తే, ఆయన పళ్లెం పక్కకు జరిపాడు.

"ఆ పిల్లలకి పరీక్షలటరా," అన్నాడు. "ఈవిడ గొంతు ఇంక రాదు. ఉన్నదంతా అందులో దాచిపెట్టుకుంది. నేను ఒక్క వేలితో..."

అక్క పలక మీద ఏదో రాసి ఆయన కళ్ల ముందు పెట్టింది. "నువ్వు కావాలని చేశావా? తిను." ఆయన చదివి తల తిప్పుకున్నాడు. డాక్టరు చెప్పాలని నోరు తెరిచి, పళ్లెం మళ్లీ బావ ముందుకు జరిపాడు. తనను చూస్తే తనకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు. చెప్పకుండా చేయగల పని ఏదైనా ఉందా అని వెతికాడు. మనిషి తప్పు ఒప్పుకోవడం కన్నా ఎంత చాకిరీ అయినా చేస్తాడు.

అప్పుడు గుర్తొచ్చింది రికార్డరు. అక్క పాఠాలు నేరుగా కంప్యూటర్‌లో చదివేది కాదు. అరచేతిలో పట్టే చిన్న రికార్డరులో చదివి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, రికార్డరు కార్డును తుడిచేసేది. తుడిచేసినంత మాత్రాన కార్డులోంచి అన్నీ పోవు. దాని మీద మళ్లీ కొత్తది ఎక్కేదాకా పాతది కింద పడి ఉంటుంది. చివరి పాఠం తర్వాత అక్క మరి రికార్డు చేయనే లేదు. చేయడానికి ఏముంది?

"ఆ కార్డు ఇవ్వక్కా," అన్నాడు.

బుధవారం సాయంత్రమంతా, గురువారం పగలంతా దుకాణంలో దాని మీదే కూర్చున్నాడు. వచ్చిన పిలుపులన్నీ వాయిదా వేశాడు. మొదటి పద్దెనిమిది పాఠాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగిపోయాయి, ఒక్కటీ అతకలేదు. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి మాత్రం ముక్కలు ముక్కలుగా దొరికాయి. శుక్రవారం పొద్దున, వాటిని తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని అక్కింటికి వెళ్లాడు. దారిలో ఒక ఆలోచన వచ్చింది. మూడు పాఠాలు దక్కించాను కదా, ఇంక ఆ దొడ్డిదారి సంగతి ఎత్తకపోయినా ఏమవుతుంది? పార్శిల్ గొడవ నాలుగు రోజుల్లో బావే మరిచిపోతాడు. ఆ ఆలోచన మెట్లెక్కే దాకా అతని వెంటే వచ్చింది.

"మూడు దొరికాయి," అన్నాడు గుమ్మంలోనే.

ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మీద ఖాళీ కప్పులు, అక్క మందుల డబ్బా, తెల్ల పలక. డాక్టరు చివరి పాఠం పెట్టాడు. ఒక గరగర, ఒక దగ్గు. ఆ వెనకే అక్క గొంతు.

నాలుగు నెలల తర్వాత ఆ గొంతు ఆ గదిలో వినిపించింది. "విత్తనం మొలకెత్తేటప్పుడు ముందు వేరు బయటికి వస్తుంది. మీ చూపుడువేలు బొటనవేలికి ఆనించి పట్టుకోండి. ఆ సందులోంచి ఒక దారం కిందకి జారినట్టు ఊహించుకోండి." మాట మధ్య మధ్య బొంగురు పోతోంది, అయినా తొందర లేదు. బావ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అక్క తన గొంతు తాను వింటూ, పరాయివాళ్ల గొంతు విన్నట్టు తల కొంచెం పక్కకు వంచింది. కళ్లు నిండిపోయాయి, తుడుచుకోలేదు.

పాఠం అయిపోయింది. రికార్డరు ఆపడం మరిచిపోయినట్టుంది, లోపల బావ గొంతు వినిపించింది. "అయిపోయిందిగా. ఇంక చాల్లే, ఈ నీళ్లు తాగు." గ్లాసు చప్పుడు. తర్వాత అక్క: "హమ్మయ్య. తమ్ముడొచ్చి పట్టుకెళ్తే నాకు నిశ్చింత."

"వాడొచ్చేలోపు ఏ వైరసో వచ్చి తినేస్తే?" అని బావ నవ్వు.

"పోవయ్యా, అపశకునం మాటలూ నువ్వూను. వాడు వేసిన తాళాలున్నాయి. వాడు చూసుకుంటాడులే."

అక్కడితో ఆగిపోయింది.

బావ చేతులు దించకుండానే, వేళ్ల సందుల్లోంచి అన్నాడు. "విన్నావా? వాడు చూసుకుంటాడనే అంది. వాడు చూసుకుంటూనే ఉన్నాడు. మధ్యలో నేనే కదరా..."

"నువ్వు కాదు బావా," అన్నాడు డాక్టరు.

"ఊరుకోరా, ఓదార్చకు."

"ఓదార్చట్లేదు. నువ్వు నొక్కిందానికీ దీనికీ సంబంధం లేదు. వాళ్లు పదకొండు నలభైకే లోపలికొచ్చారు. మీరు ఆసుపత్రిలో ఉన్నారు. నేను పెట్టిన దారిలోంచే వచ్చారు. మెట్లెక్కలేక పెట్టుకున్నాను చూడు, అక్కణ్ణుంచే చూసుకుంటానని, ఆ దారి. దానికి ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని వరసగా పాస్‌వర్డు పెట్టాను. చిన్నపిల్లాడైనా తెరుస్తాడు. కాపీ డిస్కు పీకొద్దని గీత కొట్టిందీ నేనే. పుస్తకం పట్టుకెళ్లకుండా పదహారు వారాలు తాత్సారం చేసిందీ నేనే." ఇంకా ఏదో మిగిలిపోయినట్టు వెతుక్కుని, "మంగళవారమే తెలుసు నాకు," అన్నాడు.

బావ చేతులు దించాడు. కోపం వస్తుందనుకున్నాడు డాక్టరు. తిడితే బాగుండుననుకున్నాడు.

"మంగళవారం, బుధవారం, గురువారం," అని వేళ్లు ముడిచాడు. "మూడు రోజులు నా మొహం చూస్తూ కూర్చున్నావురా నువ్వు."

లేచి వంటగదిలోకి వెళ్లాడు. గిన్నె మూత తీసిన చప్పుడైంది. రాత్రిదేదో చల్లగా మిగిలి ఉంటే పళ్లెంలో పెట్టుకుని, అక్కడే నిలబడి, మూడు రోజుల ఆకలంతా తీరేలా తినడం మొదలుపెట్టాడు. ఆ నమిలే చప్పుడు వింటుంటే డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. ఏ తిట్టూ అంత దూరం వెళ్లేది కాదు.

అక్క వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. పలక మీద పెన్ను గీసుకుంటున్న శబ్దం వినిపించింది. పద్దెనిమిది పాఠాలు పోగొట్టిన తమ్ముడికి అక్క ఏం రాస్తుంది? పర్వాలేదులే అని రాస్తే భరించలేననుకున్నాడు. నీ మొహం చూపించకు అని రాస్తే న్యాయమే అనుకున్నాడు. ఆమె పలకను అతని వైపు తిప్పి, బల్ల మీద రెండుసార్లు తట్టింది. చూడక తప్పలేదు.

"మిగతా ఇళ్లు?"

"పంతొమ్మిది మూసేశాను. ఇరవై రెండు ఉన్నాయి."

"వాళ్లకి తెలుసా?"

"తెలీదు."

ఆమె చెరిపింది. ఆరు వారాలు మంట పుట్టే గొంతుతో ఇరవై ఒక్క పాఠాలు చదివిన మనిషి ఆవిడ. అలసట అంటే ఏమిటో ఆమెకు తమ్ముడు చెప్పనక్కర్లేదు. "పద," అని రాసింది.

"ఇప్పుడా? నువ్వెందుకక్కా, ఎండ... నేను వెళ్తాగా, రేపు పొద్దున్నే..."

ఆ "రేపు" అన్న మాట దగ్గర ఆమె కనుబొమలు లేచాయి. ఆమె మెడ మీద గుడ్డ మార్చుకుంది, పలక చంకలో పెట్టుకుంది, చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొట్టింది. బావ వంటగదిలోంచి రాలేదు. వాళ్లు మెట్లు దిగబోతూ వెనక్కి చూసేసరికి, చేయి కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పదమూడో పుస్తకం మొదటి పాఠం తెరిచి, కళ్లజోడు సర్దుకుని, పైకి చదివి చూసుకుంటున్నట్టు పెదాలు కదుపుతున్నాడు.

మొదటి ఇల్లు రెండు వీధుల అవతల. కుట్లూ అల్లికలూ నేర్పే టీచరమ్మ ఒంటరిగా ఉంటుంది. నెల కిందట ఆవిడ ఏదో బహుమతి వచ్చిందంటే నొక్కితే, డాక్టరు వచ్చి అరగంట చీవాట్లు పెట్టి వెళ్లాడు. గోడ మీద సూత్రాలు చదవడానికి ఓపిక లేదు గానీ నొక్కడానికి ఓపిక ఉందా అన్నాడు. ఆవిడకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. ఆ మాటలు ఇప్పుడు మెట్టు మెట్టుకీ గుర్తొచ్చాయి.

అక్కే గంట నొక్కింది.

టీచరమ్మ తలుపు తీసింది. మెళ్లో కొలత టేపు, నోట్లో రెండు గుండుసూదులు. డాక్టరునూ అతని చేతిలో సంచీనీ చూడగానే సూదులు గబగబా తీసి చేతిలో పట్టుకుంది. మొహంలో రంగు మారింది.

"నేనేం నొక్కలేదండీ!" అంది. "ఒట్టు. మీరు తిట్టినప్పటినుంచి దాన్ని ముట్టుకోవడమే మానేశాను. చూడండి, దుప్పటి కప్పేసి ఉంచాను."

డాక్టరు గుమ్మం బయటే ఆగిపోయాడు. ఇరవై ఏళ్లుగా గుమ్మం దాటకముందే అడిగే మాట నాలుక చివర ఎక్కడా లేదు. పక్కన అక్క ఊపిరికి గుడ్డ కదులుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఇంకా ఇరవై ఒక్క ఇళ్లున్నాయి.

"తెలుసమ్మా," అన్నాడు. "మీరేం నొక్కలేదు. తప్పు నేను చేశాను. లోపలికొచ్చి చెప్పొచ్చా?"